అద్దాల బీరువా పక్కన నాలుగు వాక్యాలు

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పిల్లలు కూర్చున్నారు కాబట్టి నా తప్పుతోనే మొదలుపెడతాను. పెద్దవాళ్ల తప్పులంటే పిల్లలు శ్రద్ధగా వింటారు.

కొన్నేళ్ల కిందట మన హైదరాబాద్ మూసీ నది గురించి ఒక చిన్న ప్రదర్శన పెట్టాం. ఒకటే గది, ముప్ఫై దాకా పాత ఫొటోలు. వాటి పక్కన అంటించే చీటీలు రాయడం నా పని. ఒక ఫొటోలో కమానుల వంతెన చెక్కుచెదరకుండా ఉంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో వంతెనలు కొట్టుకుపోయాయని చదివి ఉన్నాను. ఇంకేమీ ఆలోచించకుండా 'వరదకు ముందు' అని రాసేశాను. రెండో రోజు కార్వాన్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చీటీ చదివి, నన్ను ఎగాదిగా చూసి, "బాబూ, ఇది పురానాపూల్. కొట్టుకుపోయినవి మిగతా మూడూ. దీన్ని చూసి ముందో వెనకో ఎలా చెప్పారు?" అన్నారు.

నిజమే. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. 1578 నాటి పురానాపూల్ మాత్రం నిలిచింది. సిగ్గుపడి చీటీ పీకేయబోతే ఆయనే ఆపారు. "ఉండనివ్వండి. కొట్టేసి కింద సరిగ్గా రాయండి" అన్నారు. అలాగే చేశాం. ఆ ప్రదర్శనలో జనం ఎక్కువసేపు ఆగింది ఆ కొట్టివేత దగ్గరే.

అప్పటి నుంచి నాకు చీటీల పిచ్చి పట్టుకుంది. చిన్న మ్యూజియానికి సాలార్‌జంగ్‌లోని 'మేలిముసుగు రెబెకా' లాంటి శిల్పం ఎక్కడి నుంచి వస్తుంది? మన దగ్గర ఉండేవి తాళాలు, లాంతర్లు, పెళ్లి శుభలేఖలు. వాటి చేత మాట్లాడించేది పక్కనున్న నాలుగు వాక్యాలే. ఆ వాక్యాలు ఎలాంటి తెలుగులో రాస్తున్నామో చూడండి: 'లోహనిర్మిత జలపాత్ర'! చెంబు అంటే ఏం పోయింది? మా అమ్మమ్మ వచ్చి చూస్తే అది తన చెంబేనని గుర్తుపట్టేది కాదు. ఆ చెంబు పక్కన ఉర్దూలో కూడా రాయాలని నేను అడుగుతూనే ఉంటాను. ఈ ఊళ్లో అది పరాయి భాష కాదు.

పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చూసే ఉంటారు. 2000 ఫిబ్రవరిలో తెరిచారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనకు పాతికేళ్లయిన సందర్భంగా 1937లో జరిగిన ఉత్సవాల్లో వచ్చిన కానుకలు అక్కడ ఉన్నాయి. నగరంలోని భవనాలకు వెండితో చేసిన నమూనాలు ఒక్కొక్కటీ చూసి తీరాలి. నాకు మాత్రం వాటిముందు నిలబడితే ఒకటే ప్రశ్న. కానుకల చరిత్ర ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు భద్రంగా దాచుకుంటుంది. సుత్తి పట్టిన కంసాలి పేరు ఎక్కడ జారిపోతుంది?

అక్కడి బంగారు టిఫిన్ క్యారియర్‌ను 2018 సెప్టెంబరులో దొంగలు ఎత్తుకెళ్లారు. కొద్ది రోజుల్లోనే దొరికింది. దొంగల్లో ఒకడు అందులో భోజనం చేశాడని పత్రికలు రాశాయి. దాని బరువెంతో, పొదిగిన రాళ్లేమిటో ఎవరినైనా అడగండి, చెప్పలేరు. దొంగ తిన్నాడన్న ముక్క మాత్రం ఊరందరికీ గుర్తుంది. అన్నం తిన్న మనిషి కనిపించగానే గిన్నెకు కథ వచ్చింది, చూశారా?

బొమ్మల విషయంలో ఇంకా పెద్ద తప్పు చేస్తున్నాం. చేర్యాల నకాషీ పటాన్ని, అంటే బట్ట మీద బొమ్మలతో కథ చెప్పే పొడవాటి చుట్టను, తీసుకోండి. నూలుబట్టకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, దాని మీద ఎర్రటి నేలరంగు వేసి బొమ్మలు గీస్తారు. పద్మశాలీల దగ్గర కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేది ఇలాంటి పటంతోనే. చుట్ట విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ, పాడుతూ చెబుతారు. తర్వాత ఏమవుతుందో చుట్టలోనే ఉంటుంది, అదే ఊపిరి బిగపట్టించేది. మనం ఆ పటాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గోడకు పరిచేసి, పక్కనే 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు పెడతాం! పాట లేకపోతే పోనీ, కథలో రెండు ముక్కలైనా చీటీలో ఉండాలి కదా.

గదిలో ఇంత చీకటేమిటని కొందరు విసుక్కుంటారు. అది కరెంటు పొదుపు కాదు. బట్ట, కాగితం, నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. పోయిన రంగు మళ్లీ రాదు. అందుకే వాటి మీద సాధారణంగా 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడనివ్వరు. కళ్లు అలవాటుపడే దాకా ఒక్క నిమిషం నిలబడండి. బొమ్మే ముందుకు వస్తుంది.

ఇక అసలు పని మీదికి వస్తాను. మూసీ ప్రదర్శనను మళ్లీ పెడుతున్నాం, ఈసారి వరద మీదే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ఆనాడు 150 మంది దాకా బతికారని చెబుతారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఈ ఊళ్లోనే ఎక్కడో ఉంటారు, ఈ గదిలోనే ఉన్నా ఆశ్చర్యం లేదు. మీ ఇళ్లలో ఆ కాలపు ఫొటో, ఉత్తరం, ఇంటి పత్రం, ఏదున్నా తీసుకురండి. మాకు ఇచ్చేయక్కర్లేదు. మీ ఎదుటే నకలు తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. ఫొటోను శుభ్రం చేసి తీసుకురావాలని మాత్రం అనుకోకండి. వెనకవైపు పెన్సిల్‌తో ఎవరైనా ఏదైనా రాసి ఉంటే అది తప్పని మీకు తెలిసినా చెరపకండి. పక్కన ఇంకో చీటీ మేం రాస్తాం.