17 నిమిషాల్లో అమ్ముడుపోయిన మా జట్టు

అందరికీ నమస్కారం. కవిత్వం చదువుకునే ఈ నెలవారీ సభలో ఐస్ హాకీ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ముందు నవ్వారు. తర్వాత, "సరే, బజ్జీలు చల్లారేలోపు ముగించండి" అన్నారు. ప్రయత్నిస్తాను.

నేను 2001లో ఎమ్మెస్ చదవడానికి అట్లాంటా వచ్చాను. ఆ చలికాలం మా రూమ్మేట్ ఎక్కడో ఊరికే దొరికిన టికెట్లు రెండు పట్టుకొచ్చాడు. మార్టా రైలెక్కి ఫిలిప్స్ ఎరీనాకి వెళ్లాం. పైకప్పుకి ఆనుకున్న సీట్లు. అంత ఎత్తు నుంచి చూస్తే తెల్లటి మంచు మీద ఆ నల్ల రబ్బరు బిళ్ల ఎటు పోతోందో అర్థం కాదు. "ఇది మన కర్రాబిళ్లేరా, కాకపోతే జారుతూ ఆడుతున్నారు" అన్నాడు మావాడు. ఇల్యా కోవల్‌చుక్ అనే 18 ఏళ్ల రష్యా కుర్రాడు ఆ ఏడాదే జట్టులోకి వచ్చాడు. అతను కొట్టినప్పుడు బిళ్ల కనిపించేది కాదు, వల కదలడం మాత్రం కనిపించేది. మూడో మ్యాచ్‌కి సొంత డబ్బుతో టికెట్ కొనుక్కున్నాను.

ఆ జట్టు పేరు అట్లాంటా థ్రాషర్స్. థ్రాషర్ జార్జియా రాష్ట్ర పక్షి, మీ పెరట్లో కూడా తిరుగుతూనే ఉంటుంది. జట్టు 1999లో ఆట మొదలుపెట్టింది. తొలి సీజన్లో 14 మ్యాచ్‌లే గెలిచింది. ఆడిన 11 సీజన్లలో ప్లేఆఫ్స్‌కి వెళ్లింది 2007లో ఒక్కసారే. న్యూయార్క్ రేంజర్స్ వరసగా నాలుగు ఓడించి ఇంటికి పంపించారు. వాటిలో మన ఊళ్లో జరిగినవి రెండు, రెండూ ఒక్క గోల్ తేడాతో పోయాయి. ఆ రెండు సాయంత్రాలూ నేను అక్కడే ఉన్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే చెబుతున్నాను.

ఇలాంటి జట్టు వెళ్లిపోతే బాధ ఏముంటుంది అంటారా? చెబుతాను. యజమానుల బృందంలో వాళ్లకి వాళ్లకే పడక ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2011 ఏప్రిల్ 10న పిట్స్‌బర్గ్‌తో సీజన్లో చివరి ఆట, ఓడిపోయాం. అదే ఆఖరి ఆట అని ఎవరూ మాకు చెప్పలేదు. పుకార్లు మాత్రం ఉన్నాయి. ఆట అయిపోయాక చాలామంది సీట్లలోంచి లేవలేదు. లైట్లు ఆర్పేదాకా కూర్చుంటే ఆపగలం అనుకున్నామేమో. మే 31న ప్రకటన వచ్చింది. జట్టుని కెనడాలోని విన్నిపెగ్ వాళ్లు కొన్నారు. మొత్తం 170 మిలియన్ డాలర్లు, అందులో 60 మిలియన్లు ఊరు మార్చినందుకు ఈ జట్లన్నీ ఆడే హాకీ లీగ్, ఎన్‌హెచ్‌ఎల్, తీసుకున్న రుసుము.

మర్నాడు ఆఫీసులో దిగాలుగా కూర్చుంటే ఏమైందని అడిగారు. చెప్పాను. "అట్లాంటాకి హాకీ జట్టు ఉందా?" అన్నాడొకడు, నిజంగానే తెలియక. చావింటికి ఎవరూ పలకరింపుకి రాకపోవడం ఒక రకం. "ఆ మనిషి ఇన్నాళ్లూ ఉన్నాడా?" అని అడగడం ఇంకో రకం. హాకీ ఊపిరిగా బతికే ఊళ్లో జట్టు పోతే ఊరంతా కలిసి ఏడుస్తుంది. మాది ఆ పాటి కూడా కాదు.

ఆ కోపమంతా విన్నిపెగ్ మీద పెట్టుకున్నాను. వాళ్లేమో 13,000 సీజన్ టికెట్లు అమ్మాలని లక్ష్యం పెట్టుకున్నారు. అక్కడి చిన్న లీగ్ జట్టు పాత చందాదారులకి ముందు ఇచ్చి, మిగిలినవి జూన్ 4న అందరికీ తెరిస్తే 17 నిమిషాల్లో అయిపోయాయి. మన ఎరీనాలో వరసలకి వరసలు ఖాళీగా ఉండేవి, అక్కడ 17 నిమిషాలు! ఈ అంకె చూసి నాకు వచ్చింది అసూయ కాదు, సిగ్గు. నేనే ఇంకో నలుగురిని తీసుకెళ్లి ఉంటే బాగుండేదేమో అని. జట్టు పోయిన ఊళ్లో అభిమానులు మొదట తమనే తప్పుపట్టుకుంటారని అప్పుడు తెలిసింది. నిజానికి ఎప్పుడూ ఓడే జట్టు, అమ్మాలని చూసే యజమానులు ఉన్నచోట ఖాళీ సీట్లకి నా బోటివాడు ఏం బాధ్యుడు?

కొన్నాళ్లకి మా టీమ్‌లో విన్నిపెగ్ నుంచి వచ్చిన ఒకతను చేరాడు. మొదటి నెల అతనితో హాకీ మాట మాట్లాడలేదు. ఒకరోజు లంచ్‌లో అతనే ఎత్తాడు. 1995లో వాళ్ల ఊరి పాత హాకీ జట్టు, జెట్స్ అని, అది వెళ్లిపోతోందని వార్త వచ్చినప్పుడు అతనికి తొమ్మిదేళ్లు. కెనడా డాలరు పడిపోయింది, ఆటగాళ్ల జీతాలు అమెరికా డాలర్లలో ఇవ్వాలి, ఎరీనా పాతబడింది, ఊరు చిన్నది. జట్టుని నిలబెట్టాలని ఊరు చందాలు పోగుచేసింది. 35,000 మంది దాకా, రెండు నదులు కలిసే ది ఫోర్క్స్ దగ్గర మైదానంలో చేరారు. పిల్లలు డబ్బు హుండీలు పగలగొట్టి చిల్లర తెచ్చిచ్చారు. అతనూ ఇచ్చాడు. అలా ఇంకో సీజన్ దక్కింది, అంతే. 1996 ఏప్రిల్ 28న డెట్రాయిట్ చేతిలో 4–1తో ఓడి, జట్టు అరిజోనా ఎడారికి పోయింది. ప్లేఆఫ్స్‌కి ఊరంతా తెల్ల బట్టలు వేసుకొచ్చే అలవాటు వాళ్లకి 1987 నుంచి ఉంది. జట్టు పోయాక వాళ్ల అమ్మ ఆ తెల్ల చొక్కా పారేయలేదట, 15 ఏళ్లు బీరువాలోనే ఉంచింది.

ఇది విన్నాక నా కోపం కూలిపోయింది అనను. కుంటుతూ నడవడం మొదలుపెట్టింది. 2011 మే 31 అతని జీవితంలో గొప్ప రోజు. నాకు అదే రోజు చెడ్డది. వాళ్లింట్లో పెళ్లి, మా ఇంట్లో చావు, పురోహితుడు ఒక్కడే. విన్నిపెగ్ కొత్త జట్టు గోల్ కొట్టినప్పుడు అతను ఫోన్ బోర్లా పెట్టేసేవాడు, నాకు కనపడకుండా.

ఇంకో మాట. ఈ ఊరికిది మొదటిసారి కాదు. 1972 నుంచి ఇక్కడ ఫ్లేమ్స్ అనే జట్టు ఉండేది. అంతర్యుద్ధంలో 1864లో అట్లాంటా తగలబడింది కదా, ఆ మంటల పేరే పెట్టారు. 1980లో జట్టు కాల్గరీకి వెళ్లింది. మన ఊరు కాలిన గుర్తుని కెనడాలో ఒక ఊరు ఈనాటికీ ఛాతీ మీద వేసుకుని తిరుగుతోంది!

జట్టు వెళ్లిపోయాక దాని చరిత్ర ఎవరిది? దీని మీద అభిమానులు రాత్రిళ్లు కొట్టుకుంటారు. విన్నిపెగ్ కొత్త జట్టు జెట్స్ అన్న పేరే పెట్టుకుంది. కానీ లీగ్ లెక్కల్లో దాని చరిత్ర అట్లాంటాది. పాత జెట్స్ వీరుడు డేల్ హావర్‌చక్ రికార్డులన్నీ అరిజోనా కయోటీస్‌వి అయ్యాయి. అతను ఒక్కరోజు కూడా కయోటీస్‌కి ఆడలేదు, అయినా అతని 10వ నంబరుని ఎడారిలో సత్కరించారు. విన్నిపెగ్ జనం ఈ లెక్కలు పట్టించుకోరు. 2022లో ఊరి నడిబొడ్డున అతని విగ్రహం పెట్టుకున్నారు. హైదరాబాద్ వాళ్లకి ఈ గొడవ కొత్త కాదు. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్‌ని 2012లో రద్దు చేశారు, ఆ ఏడాదే సన్‌రైజర్స్ వచ్చింది. హైదరాబాద్‌కి ఐపీఎల్ కప్పులు ఒకటా, రెండా? ఉప్పల్‌లో అడిగి చూడండి. అయితే అక్కడ ఊరికి జట్టు లేని సీజనే రాలేదు. మాకు 2011 నుంచీ లేదు.

ఇక ఆ అరిజోనా జట్టు సంగతి. పాత జెట్స్‌లో షేన్ డోన్ అని ఒక కుర్రాడు ఆ ఆఖరి సీజన్లోనే చేరాడు. జట్టుతోపాటు ఎడారికి వెళ్లి 2017 దాకా అక్కడే ఆడాడు. 2024లో ఆ జట్టూ అరిజోనా నుంచి సాల్ట్ లేక్ సిటీకి పోయింది. చివరి రోజుల్లో అది 5,000 సీట్లు కూడా లేని యూనివర్సిటీ ఎరీనాలో ఆడేది. ఆ ఆఖరి వారాల్లో జట్టులోకి వచ్చిన కొత్త కుర్రాళ్లలో ఒకడు జాష్ డోన్, షేన్ కొడుకు. తండ్రి ఒక ఊరి చివరి సీజన్, కొడుకు ఇంకో ఊరి చివరి సీజన్. ఈ కథ ఎవరైనా రాస్తే అతిగా ఉందని సంపాదకులు తిప్పి పంపుతారు.

పోయిన జట్టు తిరిగొచ్చినా భయం పోదు. 2024 మొదట్లో విన్నిపెగ్ సీజన్ టికెట్లు 13,000 నుంచి 9,500 దగ్గరికి పడ్డాయి. మా మిత్రుడు ఆ వారమంతా టెన్షన్‌తో తిండి సరిగా తినలేదు. "మళ్లీనా?" అని ఒక్క మాట మెసేజ్ పెట్టాడు. అప్పటికి నేనూ వాళ్ల మ్యాచ్‌లు చూస్తున్నాను, ఒప్పుకుంటున్నాను. మొదట్లో మన థ్రాషర్స్ ఆటగాడు బ్రయన్ లిటిల్ అక్కడ ఆడుతున్నాడని చూసేవాణ్ణి. అతను ఆట మానేశాకా చూస్తున్నాను, ఎందుకో చెప్పలేను.

ఇప్పుడు మన ఫోర్సైత్ కౌంటీలోనే, మనలో సగం మంది ఇళ్లకి పది నిమిషాల దూరంలో, పెద్ద ఎరీనా కట్టి హాకీ జట్టుని తెస్తామని ప్రతిపాదన నడుస్తోంది. కొత్తగా పుట్టే జట్టయితే మొదటి రోజే లైన్లో నిలబడతాను. కానీ ఇంకో ఊరి జట్టుని పెకలించి తెస్తే? మొన్న మా అమ్మాయి ఇదే అడిగింది, "నాన్నా, అప్పుడు కూడా టికెట్ కొంటావా?" అని.

వారం అయింది. దానికి ఇంకా జవాబు చెప్పలేదు. బజ్జీలు చల్లారిపోయినట్టున్నాయి, క్షమించండి.