బండి ఆగిపోయాక ఏం చేస్తావు?

అందరికీ నమస్కారం. మైకులో మాట్లాడటం నాకు అలవాటు లేదు, గొంతు పెద్దదైతే సర్దుకోండి. మట్టి దారుల్లో మోటార్ సైకిళ్ల మీద జట్టుగా పోయేటప్పుడు ఎవరి చెయ్యి ఎంత తిరిగిందో ఎలా కనిపెట్టాలో చెప్పమన్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొన్నేళ్లుగా ఆదివారం రైడ్లు నడుపుతున్నాను కాబట్టి నాకు తెలుసనుకున్నట్టున్నారు. తెలిసిందాంట్లో సగం తప్పులు చేసి తెలుసుకున్నదే.

రైడ్‌కి ముందు ఫోన్ చేసి "మట్టి మీద ఎలా నడుపుతావు?" అనడిగితే దాదాపు ప్రతివాడూ "ఇంటర్మీడియట్ అన్నా" అంటాడు, అంటే కొత్తవాడూ కాదు, ఆరితేరినవాడూ కాదు, మధ్యరకం. మన జట్టులో అందరూ ఇంటర్ పాసే! టెన్త్ తప్పినవాడు ఒక్కడూ దొరకడు. అందుకే ఆ ప్రశ్న అడగడం మానేశాను.

ఒకసారి ఉదయగిరి వైపు రాళ్ల దారికి ఎనిమిది మందిమి పోయాం. అందులో ఒకాయన లడఖ్ పోయొచ్చినవాడు. దగ్గర దగ్గర 200 కిలోల బండి, దానికి అటూ ఇటూ సామాను పెట్టెలు. ఆయన తిరిగిన కిలోమీటర్లు విని నేనే ముందు వరుసలో పెట్టాను. పలుగురాళ్లు పరుచుకున్న ఎక్కుడు మధ్యలో బండి ఆఫ్ అయింది. ఆయన ముందు బ్రేకు గట్టిగా పట్టాడు. చక్రం తిరగడం ఆగింది కానీ బండి ఆగలేదు. వెనక్కి జారి పడింది. లేపాం, పది గజాలు పోయి మళ్లీ పడింది. ఆరుసార్లు లేపాం. మార్చి నెలాఖరు ఎండ, పదకొండుకల్లా నీళ్లు అయిపోయాయి, ఆయనకి పిక్కలు పట్టేశాయి. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడు ఒకడని సామెత. ఆ పూట మీసాలెత్తేవాళ్లం ఏడుగురం. ఆయన్ని అనడానికేం లేదు. లడఖ్ పోయింది నిజమే. అయితే ఆ దారిలో ఎక్కువ భాగం తారు రోడ్డు. అక్కడి అనుభవం ఈ రాళ్ల మీద పనికొస్తుందని లెక్కేసింది నేను.

ఆ ఎక్కుడు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, కొత్తవాళ్లున్నారు కాబట్టి. మిట్ట మీద ఆగితే బరువంతా వెనక చక్రం మీదికి పోతుంది. ముందు చక్రం తేలిపోతుంది, దాని బ్రేకు రాళ్ల మీద నిలబెట్టదు. గేర్లోనే ఇంజన్ ఆపి క్లచ్ వదిలేస్తే వెనక చక్రం బిగుసుకుంటుంది. ఊపిరి పీల్చుకుని, క్లచ్ కొంచెం కొంచెం పట్టి వదులుతూ ఒక్కో అడుగే వెనక్కి దిగొచ్చు. ఇది తెలిసినవాడు మిట్టలు ఎక్కలేకపోయినా ఫర్వాలేదు, వాడి గురించి నాకు టెన్షన్ లేదు. ఇది తెలియకుండా రేజ్ ఇచ్చి ఎక్కేసేవాడితోనే భయం.

ఇంకోసారి పొదిలి వైపు కుర్రాడొకడు పాత స్ప్లెండర్ మీద వస్తానన్నాడు. "తమ్ముడూ, ఆ బండి కష్టం" అన్నాను. "చూద్దాం లేన్నా, రోజూ పోయే డొంకలేగా" అన్నాడు. రోజూ తెల్లారుజామున రెండు వైపులా పాల కేన్లు కట్టుకుని చేల గట్ల మీద తిరిగేవాడట. మాకు ఆ సంగతి తర్వాత తెలిసింది. వాగులో ఇసుక రాగానే పెద్ద బండ్లన్నీ కూరుకుపోయాయి. వాడు మాత్రం రేజ్ తగ్గించకుండా, హాండిల్ బిగబట్టకుండా, చూపు అవతలి గట్టు మీద పెట్టి సాఫీగా దాటాడు. ఆ కుర్రాడిని ఇంటర్మీడియటా అనడిగితే కాలేజీ పేరు చెప్పేవాడేమో.

ఇప్పుడు నేనడిగేది వేరు. ఎక్కడెక్కడ తిరిగావని అడగను. "చివరిసారి ఎక్కడ పడ్డావు? ఎలా లేచావు?" అంటాను. నేనెప్పుడూ పడలేదు అన్నాడంటే రాళ్ల మీదికి పోలేదని అర్థం. "వాగులో పడ్డానన్నా, చక్రం మునిగిపోతే బండిని పడుకోబెట్టి గుంటలో ఇసుక పూడ్చి తీశాను" అన్నాడంటే ఇంకేం అడగక్కర్లేదు. వెనక చక్రం దిగబడితే రేజ్ ఇచ్చేకొద్దీ గుంట లోతవుతుందని వాడికి తెలుసు. ఒక్కటే గుర్తుంచుకోండి. ఈ మాట గ్రూపులో అందరి ముందూ అడగొద్దు. పదిమందిలో "నాకు రాదు" అనే మగాడు మన జిల్లాలో ఇంకా పుట్టలేదు. విడిగా ఫోన్ చేయండి.

మాటలతో సగమే తెలుస్తుంది. మిగతా సగానికి ఏదైనా ఖాళీ స్థలంలో అరగంట చాలు. బండిని పక్కకి పడుకోబెట్టి ఒక్కడే లేపాలి. నడుం సీటుకి ఆనించి కాళ్లతో నెట్టాలి, నడుంతో లాగకూడదు. నిలబడి ఫస్ట్ గేర్లో కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిరగాలి. మెత్తటి ఇసుకలో ఆగి మళ్లీ బయల్దేరాలి. వేగం చూడక్కర్లేదు. 160 కిలోల ఎక్స్‌పల్స్ బండిని సొంతంగా లేపలేనివాడు దానితో రాకూడదని నేననను. పక్కన ఇంకొకరు ఉండే దారికే తీసుకుపోతాను, అంతే.

మనిషి ఒక్కడే కాదు, దారి కూడా రోజుకో రకంగా ఉంటుంది. ఇది బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి తెలియదు. రాష్ట్రంలో చాలా చోట్ల పెద్ద వానలు నైరుతిలో పడతాయి, మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనవరిలో పిల్లలు కూడా పోయే నల్లరేగడి డొంక నవంబరులో రెండు వందల గజాలు కూడా పోనివ్వదు. బురద మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య పట్టేసి చక్రమే తిరగదు. సరుగుడు తోటల పక్క ఇసుక బాటలు అందుకు తలకిందులు, వానకి గట్టిపడి సుఖంగా ఉంటాయి. కాబట్టి "ఫలానా దారి సులువు" అన్నాడంటే ఏ నెలలో అని అడగండి. పెంచలకోన చుట్టూ అభయారణ్యం, వెలిగొండల్లో చాలా భాగం రిజర్వు అడవి. అక్కడికి ఎంత చెయ్యి తిరిగినవాడైనా బండి తిప్పడానికి లేదు. సులువా కష్టమా అన్న చర్చే వద్దు.

ఎంత పరీక్ష పెట్టినా మొదటి అరగంట కళ్లు వెనకే ఉండాలి. ముందు చక్రం వైపే చూస్తున్నాడా? కాళ్లు ఫుట్‌రెస్టు మీద లేకుండా వేలాడుతున్నాయా? దిగినప్పుడు నీళ్లు తాగకుండా మౌనంగా ఉన్నాడా? పొద్దున జోకులేసినవాడు మాట్లాడటం మానేశాడంటే అలసిపోయాడు. అలసినవాడు పడతాడు. అప్పుడు దారి మార్చాలి. అతని పేరెత్తకుండా "నా బండి ఏదో సౌండ్ వస్తోంది, వెనక్కి తిరుగుదాం" అంటాను. నా బండికి ఇప్పటికి ఎన్ని రోగాలొచ్చాయో లెక్కలేదు.

తక్కువ అనుభవం ఉన్నవాడు నా వెనకే ఉంటాడు, బాగా తెలిసినవాడు ఆఖరున వస్తాడు. మన డొంకలు అడుగడుగునా చీలిపోతుంటాయి. ప్రతి చీలిక దగ్గరా వెనకవాడి లైటు కనిపించేదాకా ఆగాలి. ఆగలేనివాడు ఎంత బాగా నడిపినా నా లెక్కలో కొత్తవాడే. ఈ మాటకి ముందు వరుసలో కొందరికి కోపమొస్తోంది, కనిపిస్తోంది.

వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకి మైపాడు రోడ్డులో కలుద్దాం. మూడు లీటర్ల నీళ్లు తెచ్చుకోండి, పెట్టెలు ఇంట్లో వదిలేయండి. బండి పడుకోబెట్టి లేపడంతో మొదలుపెడదాం. మొదట లేపేది నేనే. పోయినసారి నాకు మూడు ప్రయత్నాలు పట్టింది, వీడియో తీసినవాళ్లు ఇక్కడే ఉన్నారు.