కాంటా లెక్క కాంటాయే చెప్పాలి

(మిర్యాలగూడలో రైస్ మిల్లుల సిబ్బంది, కంప్యూటర్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, మిల్లుల యజమానులకు, గుమాస్తాలకు, డిగ్రీ, ఎంసీఏ చదువుతున్న పిల్లలకు నమస్కారం. శాలువా వద్దని ఫోన్లోనే చెప్పాను, అయినా కప్పారు. పేరుపేరునా తలుచుకుంటూ పోతే నాకిచ్చిన అరగంట దానికే సరిపోతుంది, కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం.

నాకిచ్చిన అంశం సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్, అంటే వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఒకదాన్నొకటి అడిగి పని చేయించుకునేలా కట్టే పద్ధతి. పొట్టిగా ఎస్ఓఏ. 1996లో సాఫ్ట్‌వేర్ రంగాన్ని విశ్లేషించే గార్ట్‌నర్ సంస్థ పత్రాల్లో ఈ మాట బయటికొచ్చింది, 2000 తర్వాత పెద్ద కంపెనీలన్నీ దాని వెంట పడ్డాయి. ఈ చరిత్రకు ఒక స్లైడు చేసుకొచ్చాను. కానీ దానికంటే ముందు ఒక రైతు సంగతి చెప్పకపోతే నాకు నిమ్మళం ఉండదు.

ఈ చుట్టుపక్కల ఒక మిల్లు. పేరెందుకు లెండి. అక్కడ కాంటాకు ఒక కంప్యూటర్, స్టాకుకు ఒక సాఫ్ట్‌వేర్, లెక్కలకు ట్యాలీ, హమాలీ కూలీలకు ఎక్సెల్. నాలుగూ నాలుగు చోట్ల కొన్నవి. కాంటా దగ్గర ట్రాక్టర్‌ను లోడుతో తూచి, దించాక ఖాళీగా తూచి, చీటీ ఇస్తారు. ఆ చీటీ చూసి గుమాస్తా స్టాకులో కొడతాడు. దాన్ని చూసి ఇంకొకాయన ట్యాలీలో కొడతాడు. సీజన్‌లో రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు నిలబడి ఉంటే అర్ధరాత్రి దాకా కొడుతూనే ఉంటారు. అట్లా ఒక రాత్రి 46.30 క్వింటాళ్లు కాస్తా 43.60 అయింది.

తేడా 2.70 క్వింటాళ్లు. 2024–25లో గ్రేడ్ ఏ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. ఆ లెక్కన 6,264 రూపాయలు. రైతు చీటీ పట్టుకుని వచ్చాడు. స్టాకు బల్ల దగ్గర ఒక అంకె చెప్పారు, లెక్కల బల్ల దగ్గర ఇంకో అంకె. "పెద్దాయనా, మా కంప్యూటర్ల ఇంతే చూపిస్తుంది" అన్నారు. ఆయన ఒకటే అడిగాడు: "నా చీటీల ఒకటుంది, మీ డబ్బాల ఒకటుంది. తూకం తెలిసింది ఎవరికి?"

పిల్లలూ, మీ పరీక్షలో ఎస్ఓఏ గురించి పది మార్కుల ప్రశ్న వస్తే ఆ రైతు అడిగిన ప్రశ్నతో మొదలుపెట్టండి. తూకం తెలిసింది కాంటాకు. మిగతావాళ్లందరూ దాన్ని అడగాలి తప్ప సొంతంగా రాసుకోకూడదు. "చీటీ నంబరు ఇవ్వు, బండి నంబరు, లోడు తూకం, ఖాళీ తూకం, టైము చెబుతాను" అని కాంటా సాఫ్ట్‌వేర్ మిగతా సాఫ్ట్‌వేర్లకు మాటిస్తుంది. ఆ మాటే సర్వీస్. ఏది అడిగితే ఏ రూపంలో జవాబొస్తుందో ముందే రాసి పెట్టుకున్న కాగితం కాంట్రాక్ట్. దాన్ని రాయడానికి డబ్ల్యూఎస్‌డీఎల్ అనే భాష, సందేశం పంపడానికి సోప్ అనే పద్ధతి, ఆ సందేశం రాసే రూపం ఎక్స్ఎంఎల్. ఇప్పుడు చాలాచోట్ల వాటి బదులు రెస్ట్ అనే పద్ధతి, జేసన్ అనే రూపం వాడుతున్నారు. రాసే పద్ధతులు మారాయి, మాట ఇవ్వడం మారలేదు.

ఆ మిల్లు వాళ్లు చేసిందేమిటంటే, సాఫ్ట్‌వేర్లు అమ్మినాయనను పిలిచి కలపమన్నారు. ఆయన ప్రతి జంటకూ విడిగా రేటు చెప్పాడు! కాంటాకు స్టాకుకు ఒకటి, స్టాకుకు ట్యాలీకి ఒకటి, ఇట్లా. నాలుగు సాఫ్ట్‌వేర్లను ఒకదానితో ఒకటి కలపాలంటే ఆరు లంకెలు. పది ఉంటే 45. ఆ కొటేషన్ చూసినప్పుడు వచ్చిన కోపం నాకింకా తగ్గలేదు. పైగా ఆయన కలిపిన తీరు చూడండి: స్టాకు సాఫ్ట్‌వేర్ నేరుగా కాంటా డేటాబేస్‌లో దూరి టేబుల్ చదువుతుంది. పక్కవాడి లైనుకు కొక్కెం తగిలించి మోటారు నడుపుకున్నట్టు. కాంటా వాళ్లు కొత్త వెర్షన్‌లో ఒక కాలమ్ పేరు మార్చారు, స్టాకు పడుకుంది.

అమెజాన్‌లో 2002 ప్రాంతంలో జెఫ్ బెజోస్ ఇదే విషయం మీద ఒక హుకుం జారీ చేశాడని, అక్కడ పనిచేసిన ఇంజనీరు స్టీవ్ యెగ్గీ 2011లో రాశాడు. ఏ టీమూ ఇంకో టీము డేటాను నేరుగా ముట్టుకోకూడదు, సర్వీస్ ద్వారానే అడగాలి, మినహాయింపు లేదు. అంత దూరం ఎందుకు, మీ జేబులోని ఫోన్ చూడండి. యూపీఐ 2016లో వచ్చింది. ఒక బ్యాంకు ఇంకో బ్యాంకు ఖాతా పుస్తకం తెరిచి చూడదు. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ పెట్టిన పద్ధతిలో సందేశం పోతుంది, జవాబు వస్తుంది. లోపల ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లది.

స్లైడ్లు ఇంకా ఉన్నాయి, కానీ రెండో దాని దగ్గరే ఆగిపోయాను. పోనీయండి. ఈఎస్‌బీ, అంటే ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్ అని ఒకటుంది, అన్ని సందేశాలనూ మధ్యలో నిలబడి అటూ ఇటూ పంపే సాఫ్ట్‌వేర్. అది కొంటే ఎస్ఓఏ వచ్చేసినట్టే అని అమ్మేవాళ్లు చెప్పారు, కొన్నవాళ్లు నమ్మారు. తూకం ఎవరిది, ధర ఎవరిది, రైతు ఖాతా నంబరు ఎవరిది అని తేల్చుకోకుండానే కోట్లు పోశారు. చివరికి 2009 జనవరిలో బర్టన్ గ్రూప్ అనే పరిశోధన సంస్థ విశ్లేషకురాలు ఆన్ థామస్ మేన్స్ ఎస్ఓఏ చచ్చిపోయిందని రాసేసింది, సర్వీసులు మాత్రం బతికే ఉన్నాయంది. నాకు ఆమె మాట నచ్చింది.

వెనక వరసలో ఉన్న గుమాస్తా గారూ, మీరు చెప్పండి. నెట్ మధ్యలో పోయి మళ్లీ వస్తే ఏమవుతుంది? అవును, బిల్లు రెండుసార్లు పడుతుంది. "పోయిందో లేదో" అని మళ్లీ నొక్కుతాం కదా. అందుకే కాంట్రాక్ట్‌లో ఒక షరతు ఉండాలి: అదే చీటీ నంబరుతో రెండోసారి వస్తే కొత్త బిల్లు వేయొద్దు, పాత జవాబే ఇవ్వు. కాంటా కంప్యూటర్ ఆగిపోయినా స్టాకు ఆగకూడదు, వరసలో పెట్టుకుని తర్వాత అడగాలి. ఇవి పుస్తకంలో చివరి పేజీల్లో ఉంటాయి. మిల్లులో మాత్రం మొదటి రోజే ఎదురవుతాయి.

యజమానులకు ఒక అనుమానం ఉంటుంది, నాకు తెలుసు. సర్వీస్ తెరిస్తే మన ధరలన్నీ పక్క మిల్లుకు తెలుస్తాయేమో అని. తెలియవు. ఎవరు అడగొచ్చో, ఏది అడగొచ్చో మీరే పెడతారు. తూకం అడిగేవాడికి తూకమే చెబుతుంది, ధర చెప్పదు.

నాలుగూ ఒకేసారి కలపాలని చూడకండి. వచ్చే సీజన్‌కు ఒక్క తూకం సర్వీస్ పెట్టండి, స్టాకులో ఆ అంకెను చేత్తో కొట్టే గడి తీసేయించండి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు, బయటి సాఫ్ట్‌వేర్ దీన్ని ఏమేమి అడగొచ్చో రాసిన కాగితం చూపించమనండి. "అది తర్వాత ఇస్తాం సార్" అంటే అడ్వాన్సు కూడా తర్వాతే ఇస్తామనండి. మీ మిల్లు చీటీలు ఎవరైనా తెచ్చి ఉంటే ఇటివ్వండి. చీటీ నంబరుతోనే తూకం అడుగుతాం కాబట్టి ఒకే నంబరు రెండు బండ్లకు ఉండకూడదు. నంబరు రోజూ ఒకటి నుంచే మళ్లీ మొదలవుతోందా, సీజనంతా ఒకే వరసలో పోతోందా చూద్దాం. ముందు అది తేలాలి.