స్టార్లు సరే, గంటలెన్ని?

(విజయవాడలో మా అపార్టుమెంటు సంఘం సమావేశంలో మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. మెట్లెక్కి వస్తుంటే ఒకాయన ఆపి, "ఏ కంపెనీ ఏసీ కొనమంటారండీ?" అని అడిగారు. కంపెనీ పేరు నేను చెప్పను. మీ ఇంట్లో ఏసీ ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తుందో మీరు చెప్పండి, ఎలాంటిది కొనాలో అప్పుడు మాట్లాడుకుందాం.

ముందు నా తెలివి సంగతి. పదేళ్ల కిందట పది బై పన్నెండు పడగ్గదికి రెండు టన్నుల ఏసీ పెట్టించాను. "పెద్దదైతే తొందరగా చల్లబడుతుంది సార్" అన్నాడు షాపతను. అబద్ధం కాదు. ఐదు నిమిషాల్లో చల్లబడేది, కంప్రెసర్ టక్కున ఆగేది, కాసేపటికి మళ్లీ మొదలయ్యేది. గది చల్లగానే ఉన్నా దుప్పటి చెమ్మగా, ఒళ్లు జిడ్డుగా ఉండేది. మన ఉక్కపోతలో గాలిలోని తేమ పోవాలంటే చల్లటి కాయిల్ మీదుగా గాలి చాలాసేపు ఆడాలి. మాటిమాటికీ ఆగిపోయే మిషన్ వల్ల ఆ పని కాదు. బిల్లు మాత్రం రెండు టన్నులకు తగ్గట్టే వచ్చింది.

టన్ను అంటే మిషన్ బరువు కాదు. ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి లాగేసే శక్తి. సుమారు మూడున్నర కిలోవాట్లు. నీడపట్టున, కింది అంతస్తులో ఉన్న పది బై పన్నెండు గదికి ఒక టన్ను చాలు. అదే గది డాబా కింద, పడమటి గోడతో ఉంటే ఒకటిన్నర కావాలి. అందుకే పై అంతస్తు వాళ్లు ఏసీ షాపుకు వెళ్లే ముందు ఎండ వేడిని వెనక్కి కొట్టే తెల్లటి కూల్ పెయింటు డాబాకు వేయించే సంగతి చూడండి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది.

ఇక స్టార్లు. అందరూ ఎర్ర నక్షత్రాలు లెక్కపెడతారు గానీ, లేబుల్ మీద ఐసీర్ (ISEER) అనే అంకె ఉంటుంది, దాన్ని చూడరు. ఒక యూనిట్ కరెంటు తిని గదిలోంచి ఎన్ని యూనిట్ల వేడిని లాగేస్తుందో చెప్పే అంకె అది. మన వాతావరణానికి తగ్గట్టు, బయట 24 నుంచి 43 డిగ్రీల దాకా లెక్కలోకి తీసుకుని, ఏడాదికి 1600 గంటలు నడిచినట్టు కడతారు. స్టార్ల పట్టికను బీఈఈ, అంటే కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్లు, కొన్నేళ్లకోసారి బిగిస్తుంటారు. 2018లో స్ప్లిట్ ఏసీకి ఐసీర్ 4.5 ఉంటే ఐదు స్టార్లు ఇచ్చారు. 2022 జూలై నుంచి దానికి 5 కావాల్సి వచ్చింది. పాత స్టాకు డిస్కౌంటులో ఇస్తున్నారంటే లేబుల్ మీద సంవత్సరం చూసుకోండి.

ఇప్పుడు గంటల లెక్క. ఐసీర్ 3.8 ఉన్న ఏసీ 1600 గంటలకు 1000 యూనిట్లు తింటుందనుకుందాం. అంతే చల్లదనాన్ని 5 ఉన్నది 760 యూనిట్లతో ఇస్తుంది. తేడా 240 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే ఏడాదికి 1920 రూపాయలు. ధరలో తేడా ఎనిమిది వేలైతే నాలుగేళ్లు దాటగానే తిరిగొచ్చేస్తుంది. ఏసీ వాడకం వల్లే మీరు పై స్లాబులోకి వెళ్తుంటే ఇంకా ముందే. కానీ చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వేసే గదిలో ఏడాదికి 120 గంటలు కూడా నడవదు. అక్కడ మిగిలేది 18 యూనిట్లు! ఆ గదికి తక్కువ స్టార్లది కొనుక్కుని, మిగిలిన డబ్బుతో మంచి కర్టెన్లు వేయించుకోండి.

ఇన్వర్టర్ ఏసీ అంటే కరెంటు పోయినా నడుస్తుందనుకుని కొన్నవాళ్లు మన బ్లాకులోనే ఉన్నారు, పేర్లొద్దు. బ్యాటరీ ఇన్వర్టర్‌కూ దీనికీ సంబంధం లేదు. గది చల్లబడ్డాక కంప్రెసర్ పూర్తిగా ఆగకుండా వేగం తగ్గించుకుని నడుస్తుంది, అంతే. రాత్రంతా వేసుకునేవాళ్లకు అదే లాభం.

మన బాల్కనీల్లో నేను చూసిన ఒక సంగతి. అవుట్‌డోర్ యూనిట్‌ను మూలకు పెట్టి, బట్టలు కనబడకుండా ఎదురుగా ఫ్లెక్సీ కట్టేశారు. యూనిట్ వదిలిన వేడిగాలి ఫ్లెక్సీకి తగిలి మళ్లీ దాని వెనక్కే పోతోంది. ఐదు స్టార్ల మిషన్ కూడా అక్కడ మూడు స్టార్లలా తింటుంది. సాయంత్రం ఇంటికెళ్లాక దాని ముందు చెయ్యి పెట్టి, గాలి ఎటు పోతోందో చూడండి.

ఏటా వేసవి మొదట్లో "గ్యాస్ అయిపోయింది సార్" అని ఎవరైనా అంటే, ఎక్కడ లీకవుతోందో చూపించమనండి. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరిగే గ్యాసు, వంటగ్యాసులా ఖర్చయిపోదు. లీకు మూయకుండా మళ్లీ నింపితే వచ్చే వేసవికీ అదే మాట వింటారు.

మొదట నన్ను మెట్ల మీద ఆపిన ఆయన వెనక వరసలో ఉన్నట్టున్నారు. గంటలు లెక్కేశారా అండీ?