చాడీలు చెప్పే దారాలు: రెడీమేడ్ టెల్‌టేల్స్ రివ్యూ

నమస్తే అండీ. వెనకాల ఆ హోరు మైకు తప్పు కాదు, రుషికొండ గాలి. ముందే చెప్పేస్తున్నా, ఈ ప్యాకెట్ నేను కొనలేదు. తయారు చేసేవాళ్లు ఊరికే పంపారు. డబ్బులివ్వలేదు, ఇలా చెప్పండి అనీ అడగలేదు. పొడవెంత, వెడల్పెంత, ప్యాకెట్‌లో ఎన్ని అనేవి మీరు వాళ్ల పేజీలో చూసే ఉంటారు. వాటి జోలికి నేను పోను. ఆరు వారాలు ఉప్పు నీళ్లలో నానబెట్టాక ఏమైందో చెప్తాను.

టెల్‌టేల్ అంటే తెరచాపకి రెండు వైపులా అంటించే చిన్న పీలిక. ఇంగ్లీషులో ఆ మాటకి చాడీలు చెప్పేవాడు అనే అర్థం కూడా ఉంది. మా అక్క కూతురు నా డింగీలో, అంటే చిన్న తెరచాప పడవలో, జిబ్ అనే ముందు చాప చూసుకుంటుంది. అది వీటికి ‘చాడీలు’ అని పేరు పెట్టింది. ఇప్పుడు నాకూ అదే అలవాటైపోయింది.

అసలు ఈ చాడీలు ఎందుకు కావాలో చెప్తాను. షీట్, అంటే చాపని బిగించే, వదిలే తాడు, మరీ వదులుగా ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. చాప ముందు అంచు టపటపా కొట్టుకుంటుంది, ఒడ్డు మీద బజ్జీలు తినేవాళ్లకి కూడా వినిపిస్తుంది. మరీ బిగించేశామనుకోండి, అప్పుడు చప్పుడే ఉండదు. చాప ఇస్త్రీ చేసిన చొక్కాలా నిండుగా, ముద్దుగా కనిపిస్తుంది. పడవ మాత్రం నడవదు. చాటు వైపు, అంటే గాలి తగలని వైపు, చాప వంపుని పట్టుకుని పోవాల్సిన గాలి ఆ మలుపు తిరగలేక విడిపోయి సుడులు తిరుగుతూ ఉంటుంది. బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆ గుట్టు విప్పేది చాటు వైపు చాడీ ఒక్కటే. అది వెనక్కి తిన్నగా పారకుండా పిల్లి తోకలా గింగిరాలు కొడుతుంది.

చిక్కేమిటంటే, అది చాపకి అవతల ఉంటుంది! తెల్లటి డాక్రాన్ గుడ్డ లోంచి దాని నీడని పోల్చుకోవాలి. ఇన్నాళ్లూ నేను వాడింది లేత పసుపు ఊలు. ఆ రంగే ఎందుకంటే దుకాణంలో అదే ఉంది. వైజాగ్‌లో లంబసింగి వెళ్లేవాళ్లు తప్ప స్వెటర్లు ఎవరు వేసుకుంటారండీ? ఊలు ఉండ దొరకడమే గొప్ప. ఆ పసుపు చాప లోంచి ఏమాత్రం కనిపించేది కాదు.

వీళ్లు పంపింది నేరేడు పండు రంగు నైలాన్. మొదటి రోజే నోరెళ్లబెట్టాను. పొద్దు కొండల వెనక్కి వాలే వేళకి కూడా ఆ నీడ గీత గీసినట్టు కనిపించింది. గాలికి ఎదురుగా పోతున్నాం. మా అమ్మాయి ఉన్నట్టుండి “మావయ్యా, చాటుది తిరుగుతోంది” అంది. షీట్ రెండు అంగుళాలు వదిలింది. చాడీ తిన్నగా పారింది. పడవ అడుగున నీటి చప్పుడు మారింది. ఆ చప్పుడు విన్నవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. గాలి వైపు చాడీ పైకి ఎగిరితే షీట్ లాగాలి, చాటుది గింగిరాలు కొడితే వదలాలి. షీట్ కదపకుండా చుక్కానితోనే సర్దుకుంటారా, ఏ చాడీ గొడవ చేస్తే టిల్లర్, అంటే చుక్కాని పిడి, అటు నెట్టండి. అంతే. గాలి బాగా ముదిరినప్పుడు గాలి వైపుది కాస్త ఎగిరినా కంగారు పడక్కర్లేదు, పడవ ఒరిగిపోకుండా మనమే అలా పోనిస్తాం. జిబ్ మీద కింద, మధ్య, పైన మూడు జతలుంటాయి. పైది ముందు ఎగిరిందంటే చాప పైభాగం మెలిక ఎక్కువైందన్నమాట, జిబ్ కార్, అంటే జిబ్ షీట్ దూరి వచ్చే జరిగే కప్పీ, ముందుకి జరపాలి. కిందది ముందు ఎగిరితే వెనక్కి.

లేజర్ అనే ఒంటి మనిషి రేసు పడవ మీదా వేసి చూశాను. 2019 నుంచి ఐఎల్‌సీఏ అంటున్నారు గానీ నా నోటికి ఇంకా లేజరే. దానికి జిబ్ లేదు. మాస్ట్, అంటే తెరచాప స్తంభం, వెనక గాలి చెదిరి ఉంటుంది కాబట్టి కాస్త వెనక్కి అంటించాలి. ఆ పడవల రేసు నియమాల్లో, అదే క్లాస్ రూల్స్‌లో, అడ్డేమీ లేదు. 7.06 చదరపు మీటర్ల చాప మీద నాకు కబురు చెప్పేది ఈ నాలుగు పీలికలే. గాలి వెనక నుంచి వస్తుంటే మామూలుగా వీటితో పనిలేదు. కానీ లేజర్‌ని బై ద లీ, అంటే వెనక గాలి చాప ఉన్న పక్క నుంచి వచ్చేలా, నడిపితే గాలి చాప వెనక అంచు నుంచి మాస్ట్ వైపు పారుతుంది, పీలికలు ఉల్టా తిరిగి నిలుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు భలే తమాషాగా అనిపించింది.

ఊలుకి ముందు క్యాసెట్ టేప్ వాడేవాణ్ణి. అమ్మ భక్తి పాటల క్యాసెట్ ఒకటి నా పడవకి బలైంది. ఆ తిట్లు ఇప్పుడెందుకులెండి. చిరుగాలికి ఆ టేపుని మించింది లేదు, కానీ వారం తిరక్కుండా తెగిపోయేది. జాలరిపేట తాత ఒకాయన నా అవస్థ చూసి, “గాలి సెవికి తెలీదేటి బాబూ?” అన్నాడు. ఆయన చెవికి తెలుస్తుంది. నాకు తెలీదు. ఎయిరోడైనమిక్స్ వాళ్లు కూడా విండ్ టన్నెల్లో దారం ముక్కలే అంటిస్తారు. బోయింగ్‌లో పనిచేసిన ఆర్వెల్ జెంట్రీ చాప ముందు అంచు దగ్గర ఒక వరసలో కుచ్చులు అంటించి గాలి ఎక్కడ విడిపోతోందో చూడమన్నాడు. కాబట్టి నాకు సిగ్గేమీ లేదు.

ఇప్పుడు తిట్లు. ఆ గుండ్రటి స్టిక్కర్! ఎక్కడ పరీక్షించారో తెలీదు గానీ వైజాగ్ ఉక్కపోతలో మాత్రం కాదు. స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి, బొటనవేలితో రుద్ది మరీ అంటించాను. నాలుగో రోజుకి అంచు లేచింది. తొమ్మిదో రోజు రేసులో, సరిగ్గా మార్క్ దగ్గర, అంటే మలుపు తిరగాల్సిన బోయా దగ్గర, చాటు వైపు మధ్యది ఊడిపోయింది. నేను దాని నీడ కోసం వెతుకుతుంటే అది మా అమ్మాయి లైఫ్ జాకెట్‌కి అంటుకుని ఉంది. రెండు పడవలు మమ్మల్ని దాటిపోయాయి. ఇంకోటి, తడిస్తే నైలాన్ గుడ్డకి అతుక్కుపోతుంది. అతుక్కున్న చాడీ అంతా బాగానే ఉందని అబద్ధం చెప్తుంది. ఊలు అలా చేసేది కాదు, కుట్లకి చిక్కుకునేదంతే.

అయినా కొంటానా? కొంటాను. ఆ రంగు కోసం. స్టిక్కర్ పీకి పారేసి చాపలకి అతుకులేసే టేపు ముక్కతో అంటించాను, మూడు వారాలైంది, కదల్లేదు. కానీ టేపు నేనే కొనుక్కోవాల్సి వస్తే ఆ ధర ఎందుకండీ? సగానికి తగ్గించండి, లేదా జిగురు మార్చండి. పంపినవాళ్లు ఈ వీడియో చూస్తారని తెలుసు, అందుకే చెప్తున్నా.

మిగిలిన రెంటినీ మా అమ్మాయి సరదాకి తన స్కూటీ అద్దాలకి అంటించుకుంది. బీచ్ రోడ్డు మీద రోజూ తిరుగుతోంది. అవి మాత్రం ఊడలేదు.