పాపసంకీర్తనం: ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి

[తెరపై: పాపసంకీర్తన పెట్టె, మధ్యలో జాలీ. ఇటువైపు ఒకరు మోకరించి ఉన్నారు.]

కతోలిక సంఘంలో (తిరుసభలో) మన పాపాలను గురువుకు, అంటే ఫాదర్ గారికి, నోటితో చెప్పి క్షమాపణ పొందడమే పాపసంకీర్తనం. గురువు దగ్గర మోకరించాక మొదటి మాట గుర్తురాక తడబడేవాళ్ళు కొందరు. ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడినా తమ పాపం ఒక్కటీ చెప్పనివాళ్ళు ఇంకొందరు. అత్తగారి పాపాలు, అన్నదమ్ముల పాపాలు, పై అధికారి పాపాలు అన్నీ బయటికొస్తాయి, చెప్పేవారివి మాత్రం రావు. ఏది తప్పనిసరిగా చెప్పాలో, ఏది అక్కర్లేదో ముందే తెలిస్తే ఈ రెండు ఇబ్బందులూ తీరతాయి. ఈ వీడియో అంతా దాని గురించే.

[తెరపై: యోహాను 20:22-23]

అసలు నోటితో ఎందుకు చెప్పాలి? దేవుడికి తెలియదా? తెలుసు. కానీ ఉత్థానమైన యేసు శిష్యులకిచ్చిన అధికారం ఒకవైపుదే కాదు. ఎవరి పాపాలు మీరు క్షమిస్తే అవి క్షమింపబడతాయి, ఎవరివి క్షమించకుండా ఉంచితే అవి అలాగే ఉంటాయి అన్నాడు. పాపం ఏమిటో వినకుండా గురువు ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోగలరు? 1551లో ట్రెంట్ మహాసభ (తిరుసభ బిషప్పుల సమావేశం) చూపిన కారణం కూడా ఇదే: గురువు అక్కడ న్యాయమూర్తి స్థానంలో కూర్చుంటారు, విషయం తెలియకుండా తీర్పు చెప్పలేరు.

[తెరపై: చావైన పాపం – మూడు షరతులు]

ముందు ఆత్మశోధన. పది పదిహేను నిమిషాలు చాలు. పది ఆజ్ఞలను ఒక్కొక్కటిగా తీసుకుని తలంపుతో, మాటతో, చేతతో ఏం చేశామో, చేయవలసినది చేయకుండా ఏం వదిలేశామో చూసుకోవాలి. ఈ చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. మంచంపట్టిన తల్లిదండ్రుల్ని పట్టించుకోకపోవడంలో చేసిన పని అంటూ ఏదీ లేదు గనుక అది జాబితాలోకి రానే రాదు.

చావైన పాపం అంటే దేవునితో బంధాన్ని తెంచేసే పెద్ద పాపం. అది కావాలంటే మూడూ ఉండాలి: విషయం గంభీరమైనదై ఉండాలి, అది గంభీరమని తెలిసి ఉండాలి, మనస్ఫూర్తిగా ఒప్పుకుని చేసి ఉండాలి. ఒక్కటి తగ్గినా అది చావైన పాపం కాదు. జ్వరంతో పడుకుని ఆదివారం పూజకు వెళ్ళకపోతే అది పాపమే కాదు. వెళ్ళగలిగి ఉండీ కావాలని మానేస్తే గంభీరమైన విషయం. చావైన పాపాలన్నిటినీ చెప్పి తీరాలి. అల్ప పాపాలు చెప్పడం నియమం కాదు గానీ, చెప్పడం మంచిదని తిరుసభ గట్టిగా చెబుతుంది.

ఏడాదికి కనీసం ఒకసారి పాపసంకీర్తనం చేయాలన్న నియమం 1215లో నాలుగో లాతరన్ మహాసభ పెట్టింది. నేటి తిరుసభ చట్టంలో అది 989వ నిబంధన, గంభీరమైన పాపాలకు వర్తిస్తుంది. అది కనీసం మాత్రమే. ఏడాదికోసారి వచ్చేవారికి ఆత్మశోధన కష్టం, ఎందుకంటే పదకొండు నెలల కిందటిది ఎవరికి గుర్తుంటుంది?

[తెరపై: రకం + సంఖ్య]

ఇప్పుడు అసలు సంగతి. 988వ నిబంధన అడిగేది రెండే: పాపం ఏ రకం, ఎన్నిసార్లు. కథ అడగలేదు.

"ఫాదర్ గారూ, నేను మంచిగా బతకలేదు" అంటే ఏమీ చెప్పనట్టే. "ఆరో ఆజ్ఞ (వ్యభిచరించకూడదు) మీరాను" అన్నా చాలదు, ఆ ఒక్క మాట కింద చాలా రకాల పాపాలున్నాయి. "నాకు పెళ్ళయింది, వేరొకరితో రెండుసార్లు వ్యభిచరించాను" అంటే సరిపోతుంది. పెళ్ళయిందన్న మాట ఇక్కడ ఎందుకు? అది పాపం రకాన్నే మార్చేస్తుంది గనుక. అలా మార్చే వివరాలు చెప్పాలి. ఎక్కడ, ఏ ఊళ్ళో, ఏ పేరు గలవారితో అన్నవి చెప్పకూడదు. ఎదుటివారి పేరు చెప్పడం వాళ్ళ పరువు తీయడమే, పాపసంకీర్తన పెట్టెలోనైనా సరే.

దొంగతనమైతే ఎంతన్నది ముఖ్యం. "డబ్బు తీశాను" అనే బదులు "పనిచేసే చోట నెల జీతమంత డబ్బు తీశాను, ఒకసారి, ఇంకా తిరిగి ఇవ్వలేదు" అనాలి. ఆ చివరి ముక్క వదిలేయకండి, దాని పని తర్వాత ఉంది.

సంఖ్య కచ్చితంగా గుర్తులేకపోతే? "ఏడాదిగా, వారానికి సుమారు రెండుసార్లు" అంటే చాలు. లెక్క తెలియదని వెళ్ళడం మానేయడం, లెక్క కోసం నోటుపుస్తకం నింపడం, రెండూ అనవసరం. కాగితం మీద రాసుకుని వెళ్ళొచ్చు, అయ్యాక చింపేయండి. ఫోనులో రాసుకోకపోతేనే మేలు, అది ఎవరి చేతికి వెళ్తుందో చెప్పలేం.

[తెరపై: క్రమం]

లోపలికి వెళ్ళాక సిలువ గుర్తు వేసుకోండి. "ఫాదర్ గారూ, నన్ను ఆశీర్వదించండి, నేను పాపిని. పాపసంకీర్తనం చేసి మూడు నెలలైంది." ఆ గడువు చెబితే గురువుకు మీ లెక్క అర్థమవుతుంది. తర్వాత పాపాలు. అన్నిటికన్నా చెప్పడానికి కష్టమైనదాన్ని మొదటే చెప్పేయండి. దాన్ని చివరికి దాచుకుంటే చిన్నవన్నీ చెప్పే లోపు ధైర్యం కరిగిపోతుంది. అన్నీ అయ్యాక "వీటికీ, నాకు గుర్తురాని పాపాలన్నిటికీ మన్నింపు వేడుకుంటున్నాను" అని ఆపేయండి.

గురువు ఒకటి రెండు ప్రశ్నలు అడగొచ్చు, సలహా చెబుతారు, ప్రాయశ్చిత్తం ఇస్తారు. తర్వాత మీరు ఉత్తమ మనస్తాప జపం, అంటే చేసిన పాపాలకు బాధపడుతూ చెప్పే జపం, చెప్పాలి. జపం మర్చిపోతే సొంత మాటల్లో చెప్పినా చెల్లుతుంది. కావలసింది పశ్చాత్తాపం, ఇక చేయనన్న నిర్ణయం. మళ్ళీ పడతానేమోనన్న భయం ఉన్నంత మాత్రాన నిర్ణయం లేనట్టు కాదు. కానీ రేపు మళ్ళీ అదే చేయాలని ఇప్పుడే అనుకుంటుంటే, పాపవిమోచనం, అంటే గురువు మాటల ద్వారా దొరికే క్షమాపణ, చెల్లదు. ఆ పాపవిమోచన మాటలు గురువు పలుకుతుండగా మౌనంగా విని చివర "ఆమెన్" అనండి. ఆ సమయంలో ఇంకా జపం గొణుగుతూ ఉండిపోయి విననివారు చాలామంది.

ఫోనులోనో, వీడియో కాల్‌లోనో ఇది జరగదు. గురువు, విశ్వాసి ఒకేచోట ఉండాలి.

[తెరపై: దాచిన పాపం, మరచిన పాపం]

పాపసంకీర్తనాన్ని పాడుచేసేది మరుపు కాదు, దాచడం. ఒక చావైన పాపాన్ని సిగ్గుపడి కావాలని దాస్తే మిగతావేవీ క్షమింపబడవు, పైగా పరమపవిత్రమైనదాన్ని అవమానించిన పాపం ఇంకొకటి చేరుతుంది. ఇలా ఏళ్ళ తరబడి లాగేవారున్నారు. బయటపడే దారి ఉంది: దాచినదాన్ని చెప్పాలి, ఎప్పటినుంచి దాస్తున్నారో చెప్పాలి, ఆ రోజునుంచి ఇప్పటిదాకా చేసిన చావైన పాపాలన్నీ మళ్ళీ చెప్పాలి. నోరు పెగలకపోతే "ఫాదర్ గారూ, ఒకటి చెప్పలేకపోతున్నాను, మీరే అడగండి" అంటే చాలు. కావాలంటే మిమ్మల్ని ఎరగని గురువు దగ్గరికి, జాలీ వెనకకి వెళ్ళండి, ఆ హక్కు మీకుంది.

బయటికి పొక్కుతుందన్న భయం ఉంటే, 983వ నిబంధన చదవండి. మాటతో గానీ, సైగతో గానీ, ఏ కారణం చేతనైనా గానీ గురువు బయటపెట్టకూడదు. నేరుగా బయటపెడితే ఆ క్షణమే తిరుసభ నుంచి వెలివేత. ఆ వెలిని ఎత్తేసే అధికారం రోముకే ఉంది. ఈ రహస్యాన్ని పాపసంకీర్తన ముద్ర అంటారు. దానికి గుర్తుగా గౌరవించే పునీతుడు నెపోముక్ యోహాను. 1393లో రాజు ఆజ్ఞతో ఆయన్ని ప్రాగ్ నగరంలో వ్ల్తావా నదిలో ముంచి చంపారు. రాణి తన దగ్గర చెప్పుకున్న పాపాలను రాజుకు చెప్పలేదనే చంపించారన్నది సంప్రదాయం. చరిత్రకారులు మాత్రం ఒక మఠాధిపతి నియామకం మీద రాజుకీ ఆర్చ్‌బిషప్‌కీ నడిచిన తగవును ఎక్కువగా చూపిస్తారు.

[తెరపై: మళ్ళీ మళ్ళీ చెప్పేవారికి]

దీనికి పూర్తిగా ఎదురు జబ్బు ఇంకోటి ఉంది. క్షమింపబడిన పాపాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పడం, సరిగ్గా చెప్పానో లేదోనని కుమిలిపోవడం. యేసు సభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ 1522లో స్పెయిన్‌లోని మోన్సెరాట్‌లో మూడు రోజులపాటు తన బతుకంతటికీ పాపసంకీర్తనం చేశాడు. అయినా తర్వాత దగ్గర్లోని మన్రేసా ఊళ్ళో ఈ అనుమానాలు ఆయన్ని వదల్లేదు, ప్రాణం తీసుకోవాలన్న తలంపు దాకా తీసుకెళ్ళాయి. చివరికి పాతవి ఇక చెప్పననే తీర్మానం చేసుకున్నాకే తేరుకున్నాడు. ఈ బాధ ఉన్నవారు చేయవలసింది ఒకటే: ఒకే గురువు దగ్గరికి వెళ్ళడం, ఆయన "ఇక చాలు" అంటే ఆగడం. అలాంటి మనసుకు కఠినంగా ఉండమని చెప్పే సలహా మంచిది కాదు, ఎవరిచ్చినా సరే.

[తెరపై: బయటికి వచ్చాక]

దొంగిలించిన డబ్బు సంగతి ఇప్పుడు. క్షమాపణతో అప్పు తీరదు. సొంతదారుకి తిరిగి ఇవ్వాలి, చేతకాకపోతే విడతలుగా ఇవ్వాలి. పేరు చెప్పి తలవంచుకోనక్కర్లేదు, ఎలా చేర్చాలో గురువుతోనే మాట్లాడుకోవచ్చు. అబద్ధంతో ఒకరి పేరు చెడగొట్టినవారు ఆ పేరును నిలబెట్టే పని చేయాలి.

ప్రాయశ్చిత్తం వీలైతే ఆరోజే చేసేయండి, గుడిలోనే కూర్చుని అయితే ఇంకా మంచిది. ఏమిచ్చారో మర్చిపోయినా పాపవిమోచనం చెల్లుతుంది. మళ్ళీ వెళ్ళినప్పుడు అడగండి. మీకు సాధ్యంకానిది ఇస్తే అక్కడే చెప్పండి, మార్చి ఇస్తారు. ఆ రాత్రి పడుకున్నాక చెప్పని చావైన పాపం ఒకటి గుర్తొస్తే లేచి పరుగెత్తకండి. నిజంగా మరిచినదైతే అదీ క్షమింపబడింది. మర్నాడు పూజలో దివ్యసత్ప్రసాదం (పవిత్ర రొట్టె) తీసుకోవచ్చు, ఈసారి పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు దాన్ని కూడా చెప్పండి.