కువైట్‌లో కాళ్లు కడిగే కూతురు: ఆదివారం ఫోన్-ఇన్

కడప నుంచి ఆదివారం సాయంత్రం వచ్చిన ప్రత్యక్ష కార్యక్రమం ఇది. విశ్వాసం, సేవ, లోకంలో జరుగుతున్న సంగతుల మీద శ్రోతలు అడిగిన ప్రశ్నలకు, రాయలసీమ పల్లెల్లో ముప్పై ఏళ్లుగా సంఘాలు నడిపిన పెద్ద పాస్టర్‌గారు జవాబులిచ్చారు. మాటలు ఉన్నవి ఉన్నట్టే రాశాం.

యాంకర్: అందరికీ వందనాలు. అయ్యగారు స్టూడియోలోనే ఉన్నారు. లైన్లన్నీ బిజీగా ఉన్నాయి, నేరుగా కాల్స్‌లోకి వెళ్దాం. హలో, చెప్పండి.

కాలర్, కర్నూలు: వందనాలు అయ్యగారూ. మేం యూత్ వాళ్లం. తుంగభద్ర ఒడ్డున గుడిసెల్లో ఉండేవాళ్లకి నెలకోసారి బియ్యం, పప్పు ఇస్తున్నాం. ఫొటోలు స్టేటస్‌లో పెడితే ఇంకో నలుగురు సాయం చేస్తారని మా ఆలోచన. సంఘ పెద్దలు వద్దంటున్నారు.

పాస్టర్: పెద్దల మాట వినండి నాయనా. మీరు తీసిన ఫొటోల్లో ఆ సంచి పట్టుకున్న ముసలాయన మొహం ఒకసారి చూడండి. కెమెరా వైపు చూడడు, నేల చూపులు చూస్తుంటాడు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నాడు ప్రభువు. మీరు ఊరందరికీ తెలిసేట్టు చేస్తున్నారు. లెక్క చూపించాలంటే బిల్లులు చూపించండి, బస్తాలు ఫొటో తీయండి. మనిషి మొహం మాత్రం వద్దు. నేను ఎక్కడికి పోయినా ఈ మాట చెబుతాను.

యాంకర్: థ్యాంక్యూ అండీ. తర్వాతి కాల్, సిద్ధవటం నుంచి. చెప్పండమ్మా.

కాలర్, సిద్ధవటం: అయ్యగారూ వందనాలు. వినపడతాందా?

పాస్టర్: వినపడుతోందమ్మా, చెప్పండి.

కాలర్, సిద్ధవటం: మా పాప కువైట్‌లో ఉంది అయ్యగారూ. పోయి మూడేళ్లవుతోంది. అరబ్బోళ్ల ఇంట్లో పని. ఇల్లు కట్టుకుందామని తెచ్చిన అప్పు ఉండె, అందుకని పోయింది. అల్లుడు ఇక్కడే ఆటో తోలతాడు, పిల్లలు నా దగ్గరే ఉన్నారు. పెద్దోడు ఏడో తరగతి. ఫోన్ చేస్తే చాలు, అమ్మ ఎప్పుడొస్తుందని వాడు...

యాంకర్: అమ్మా, మీ ప్రశ్న చెప్పండి.

కాలర్, సిద్ధవటం: చెప్తా, చెప్తా. ఆ ఇంట్లో ముసలామె ఉంది. సేఠ్ వాళ్లమ్మ. లేవలేదు. ఆమె పనంతా మా పాపదే. ఐదు పూటలా నమాజుకు ముందు ఆమె చేతులు, కాళ్లు కడగాల. ఒక ప్లాస్టిక్ తొట్టి ఉంటదంట, ఆమె కాళ్లు అందులో పెట్టి, చెంబుతో నీళ్లు పోసి, వేళ్ల సందులన్నీ కడిగి, తువ్వాలతో తుడిచి, ఆమెను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాల. ఇది నేను మా సంఘంలో ఒకామెకు చెబితే, అది వేరే దేవుని పూజకు సాయం చేయడమే, మీ బిడ్డ విశ్వాసం పోయిందనింది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు అయ్యగారూ. ఒకటే టెన్షన్. పాపం అవుతుందా? పని మానేసి వచ్చేయమని చెప్పాల్నా?

పాస్టర్: ఏడవకండమ్మా. ముందు కాసిన్ని నీళ్లు తాగండి. పక్కన ఎవరైనా ఉన్నారా?

కాలర్, సిద్ధవటం: మనవడు ఉన్నాడు.

పాస్టర్: సరే. మీ పాప ఏ తప్పూ చేయలేదు. అది ముందు చెబుతున్నా, తర్వాత ఎందుకో చెబుతా. బైబిల్లో రాజుల రెండో గ్రంథంలో ఒక చిన్నపిల్ల ఉంది. పేరు కూడా రాయలేదు. సిరియా సైన్యం ఇశ్రాయేలు మీద పడి ఎత్తుకుపోయిన పిల్ల. ఆ సైన్యాధిపతి నయమాను ఇంట్లో, ఆయన భార్య దగ్గర పని చేస్తుంది. మీ పాప అప్పు తీర్చడానికి తనంతట తాను పోయింది. ఆ పిల్లనైతే బలవంతంగా ఈడ్చుకుపోయారు. నయమానుకు కుష్ఠు. ఆ పిల్ల నోరు మూసుకుని, నన్ను ఎత్తుకొచ్చినవాడికి బాగా అయింది అనుకోవచ్చు. అనుకోలేదు. మా దొర సమరయలో ఉన్న ప్రవక్త దగ్గరికి పోతే బాగుపడతాడమ్మా అని చెప్పింది. ఆ ఒక్క మాటతో ఆయన బాగుపడ్డాడు. శత్రువు మేలు కోరింది ఆ పిల్ల. అన్య దేవుణ్ణి మొక్కే ఇంట్లో పని చేస్తూనే తన దేవుడి మనసు ఏంటో చూపించింది.

కాలర్, సిద్ధవటం: అవునయ్యా.

పాస్టర్: ఆగండి, అసలు సంగతి ఇంకా ఉంది. బాగుపడ్డాక నయమాను ఆ ప్రవక్తను, ఎలీషాను, ఒక మాట అడిగాడు. మా రాజు మా సిరియా దేవుడు రిమ్మోను గుడికి పోయేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, ఆయన వంగితే నేనూ వంగాలి, దాన్ని దేవుడు క్షమిస్తాడా అని. మీరు అడిగింది సరిగ్గా అదే ప్రశ్నమ్మా. ముసలామె మీ పాప చెయ్యి పట్టుకుని లేస్తుంది, ఆనుకుంటుంది. ఎలీషా ఏమన్నాడు? ఛీ, నీ విశ్వాసం పోయింది అన్నాడా? నెమ్మదిగా పొమ్మన్నాడు. అంతే. ప్రవక్త అడ్డు చెప్పలేదు, మరి మీ సంఘంలో ఆమె ఎందుకు చెబుతోంది?

కాలర్, సిద్ధవటం: కాళ్లు కడిగేది కూడా అంతేనా అయ్యగారూ?

పాస్టర్: కాళ్లు కడగడం గురించి నన్ను అడుగుతారేంటమ్మా! చివరి రాత్రి ప్రభువు ఏం చేశాడు? పళ్లెంలో నీళ్లు పోసి, తువ్వాలు నడుముకు కట్టుకుని, శిష్యుల కాళ్లు కడిగాడు. కాసేపటికి తనను పట్టించబోయే యూదా కూడా అక్కడే ఉన్నాడు, వాడి కాళ్లూ కడిగాడు. మనం చర్చిలో గుడ్ ఫ్రైడే ముందురోజు ఏడాదికి ఒకసారి ఆ వాక్యం చదువుతాం. మీ పాప రోజుకు ఐదుసార్లు చేస్తోంది. లేవలేని మనిషి వేళ్ల సందుల్లో నీళ్లు పోసి తుడిచేది, అది సేవ. ఆమె ఏ దేవుణ్ణి తలుచుకుంటుందన్నది ఆమెకూ దేవుడికీ మధ్య సంగతి.

కాలర్, సిద్ధవటం: ఇంకొకటి అయ్యగారూ. ఫోన్లో మాట్లాడితే ఇప్పుడు మాటమాటకీ ఇన్షా అల్లా అంటోంది. వచ్చే ఏడాది వస్తా, ఇన్షా అల్లా అంటది.

పాస్టర్: దాని అర్థం దేవుని చిత్తమైతే అని. యాకోబు పత్రిక నాలుగో అధ్యాయం తీయండి. రేపు ఆ ఊరికి పోతాం, వ్యాపారం చేస్తాం అనకండి, ప్రభువు చిత్తమైతే చేస్తాం అనండి అని రాసి ఉంది. అదే మాట. అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు లక్షలమంది ఉన్నారమ్మా, బేత్లెహేములో, ఈజిప్టులో, లెబనానులో. వాళ్లు ప్రార్థనలో దేవుణ్ణి పిలిచేది అల్లా అనే. వాళ్ల అరబ్బీ బైబిల్లో కూడా ఆ మాటే ఉంది. భాష చూసి భయపడకండి.

కాలర్, సిద్ధవటం: మరి ఆ యుద్ధాల సంగతి? బాంబులు పడతాయంటారే, పిలిపించేయమంటారా? పోనీ, ఆ కాళ్లు కడిగేది పాపం కాదంటారా గట్టిగా?

పాస్టర్: కాదమ్మా, కాదు. నాలుగోసారి చెబుతున్నా. యుద్ధం విషయం భయం పెట్టుకోవాల్సిందే, నేను కాదనను. 2025 జూన్‌లో ఇరాన్ వాళ్లు ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులు వేసిన రాత్రి కువైట్ కూడా విమానాలు ఆపింది. ఆ రాత్రి మన జిల్లాలో ఎన్ని ఇళ్లలో దీపం ఆరలేదో నాకు తెలుసు, నాకూ ఫోన్లు వచ్చాయి. ప్రార్థన చేయండి, చేసి చేతులు కట్టుకుని కూర్చోవద్దు. పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, సివిల్ ఐడీ కాపీ, ఆ ఇంటి అడ్రసు, సేఠ్ ఫోన్ నెంబరు మీ బీరువాలో ఉన్నాయా?

కాలర్, సిద్ధవటం: అల్లుడి దగ్గర ఉండాల.

పాస్టర్: ఉండాల అంటే కుదరదు. ఈ రాత్రికే తీసి పెట్టుకోండి. మన రాయబార కార్యాలయం నెంబరు పాప ఫోన్లో ఉండాలి, ఒక కాగితం మీద కూడా రాసుకోవాలి, ఫోన్ పోతే కాగితమే దిక్కు. రావాలా వద్దా అన్నది పాప, అల్లుడు కూర్చుని అప్పు లెక్క చూసుకుని తేల్చుకోవాలి. పాపమేమో అన్న భయంతో మాత్రం రావద్దు. ఆరాధనకు పోతోందా?

కాలర్, సిద్ధవటం: శుక్రవారం సెలవు ఇస్తే పోతాది. తెలుగోళ్లంతా కలుస్తారంట.

పాస్టర్: అక్కడ సెలవు శుక్రవారమే, ఆరాధనా శుక్రవారమే. ఒకే ఆవరణలో తెలుగు, మలయాళం, అరబ్బీ, ఫిలిప్పీన్స్ వాళ్ల సంఘాలు వంతులవారీగా ఆరాధించుకుంటాయి. అంత వైవిధ్యం మనకు కడపలో దొరకదు. పోనివ్వండి.

యాంకర్: థ్యాంక్యూ అమ్మా. ఆదోని నుంచి కాల్.

కాలర్, ఆదోని: ప్రైజ్ ద లార్డ్ అయ్యగారూ. బైబిల్లో చెప్పిన అంత్యకాలపు గోగు మాగోగు యుద్ధం మొదలైందని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. రష్యానే గోగు అంట. తారీకు కూడా...

పాస్టర్: ఆపండి. తారీకు చెప్పేవాడి వీడియో డిలీట్ చేయండి. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని కొడుకైన యేసే చెప్పాడు, యూట్యూబ్ వాడికి తెలుస్తుందా? యుద్ధాల గురించి వింటారు, కలవరపడకండి అని మత్తయి 24లో ఉంది. మీకు ఆ దేశాల మీద అంత ఆసక్తి ఉంటే అక్కడి మనుషుల కోసం ఏడవండి. గాజాలో ఒకే ఒక కేథలిక్ చర్చి ఉంది, పవిత్ర కుటుంబ దేవాలయం. యుద్ధంలో వందలమంది అందులో తలదాచుకున్నారు. పోప్ ఫ్రాన్సిస్ 2025 ఏప్రిల్‌లో చనిపోయేదాకా దాదాపు రోజూ సాయంత్రం వాళ్లకు ఫోన్ చేసి ఏం తిన్నారని అడిగేవాడు. ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా చేశాడు. అదే చర్చి మీద ఆ ఏడాది జూలైలో గుండు పడి ముగ్గురు పోయారు. వాళ్లు మన అన్నదమ్ములు. యూదుల ఇళ్లలో పోయినవాళ్లూ బిడ్డలే. ఒక వైపు జెండా స్టేటస్ పెట్టుకుని కేకలేసేది క్రైస్తవం కాదు.

కాలర్, ఆదోని: అంటే ప్రవచనాలు చదవకూడదా?

పాస్టర్: చదవండి. ఫార్వర్డ్ చేయకండి.

యాంకర్: అనంతపురం నుంచి ఇంకొకరు. చెప్పండి సార్.

కాలర్, అనంతపురం: నమస్కారమండీ. నేను రిటైర్డ్ టీచర్‌ని, హిందువుని. తప్పుగా అనుకోవద్దు. మీవాళ్లు చేసే సేవ వెనక మతం మార్చే ఆలోచన ఉంటుందని చాలామంది అంటారు. మీరు నిజాయితీగా ఏమంటారు?

పాస్టర్: అడిగినందుకు సంతోషం సార్. కొన్నిచోట్ల ఉంది, అది నాకు బాధ. కిలో బియ్యానికి షరతు పెడితే అది బేరం. ప్రభువు చెప్పిన కథలో మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాడికి నూనె పోసి, కట్టు కట్టి, పూటకూళ్ల ఇంట్లో డబ్బు కట్టి వెళ్లిపోయాడు. నీది ఏ మతమని అడగలేదు, నా మతంలోకి రా అనీ అనలేదు. మీ ఊళ్లోనే చూశారు కదా, ఫాదర్ ఫెర్రర్.

కాలర్, అనంతపురం: చూశానండీ. మా స్కూలు పిల్లలకు సైకిళ్లు వాళ్ల సంస్థవే.

పాస్టర్: బార్సిలోనాలో పుట్టిన మనిషి. 1968లో మహారాష్ట్ర నుంచి పంపించేస్తే, 1969లో తిరిగొచ్చి అనంతపురం కరువు నేలలో కూర్చున్నాడు. బావులు, ఇళ్లు, బళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి. ఆ ఆసుపత్రిలో చీటీ రాసేటప్పుడు మతం అడగరు. 2009లో పోయినప్పుడు వచ్చిన జనంలో ఎక్కువమంది హిందువులు, ముస్లింలే. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి మొక్కుకునే ఊరు మాది. ఇక్కడ పుట్టినవాణ్ణి నేను. ఇలాంటి అనుమానం పెరుగుతుంటే నాకు ఊపిరాడదు సార్.

కాలర్, అనంతపురం: మంచిదండీ, నమస్కారం.

యాంకర్: తర్వాత ప్రొద్దుటూరు. త్వరగా చెప్పండి, టైమ్ తక్కువుంది.

కాలర్, ప్రొద్దుటూరు: మా చర్చిలో ఒక కులం వాళ్లు ఒక వైపు, ఇంకొకరు ఇంకో వైపు కూర్చుంటారు. ప్రభు భోజనం గిన్నె కూడా...

పాస్టర్: గిన్నె వేరైతే అది ప్రభు భోజనం కాదు. సంఘ పెద్దలతో చెప్పండి, వినకపోతే బిషప్‌గారికి రాయండి. నంద్యాల దగ్గర పోలూరులో పుట్టిన పూల ఆంథోనీగారు 2022లో కార్డినల్ అయ్యారు, అంటే కేథలిక్ సంఘంలో పోప్ తర్వాతి పెద్ద పదవి, కార్డినల్ అయిన మొట్టమొదటి దళితుడు. ప్రపంచం ఆయనకు తల వంచింది, మన బెంచీలు మాత్రం జరగలేదు. చాలా కోపంగా ఉంది నాకు, ఇంతకంటే మాట్లాడను.

యాంకర్: నంద్యాల లైన్... హలో? హలో? కట్ అయింది. అయ్యగారూ, సిద్ధవటం అమ్మగారు మళ్లీ లైన్లోకి వచ్చారు, ఒక్క నిమిషమే అంటున్నారు.

కాలర్, సిద్ధవటం: అయ్యగారూ, కాపీలు దొరికినాయి. అల్లుడి ఆటోలోనే ఉన్నాయి. తడిసినాయి గానీ నెంబర్లు కనపడతాండాయి.

పాస్టర్: దేవునికి స్తోత్రం. జిరాక్స్ తీయించండమ్మా.

కాలర్, సిద్ధవటం: ఆ పిల్ల కథ ఎక్కడుంది అన్నారు? మనవడు రాసుకుంటాడంట, వాళ్లమ్మకు ఫోన్లో చదివి వినిపిస్తాడంట.

పాస్టర్: రాజుల రెండో గ్రంథం, ఐదో అధ్యాయం. రెండో వచనం నుంచి చదవమనండి. పందొమ్మిదో వచనం దాకా.

కాలర్, సిద్ధవటం: పందొమ్మిది. రాసుకున్నావా నాయనా? రాసుకున్నాడయ్యా.

యాంకర్: సమయం అయిపోయింది. అయ్యగారికి, ఫోన్ చేసిన అందరికీ వందనాలు.